దొడ్డబళ్ళాపురం శిక్షణ నుంచి పిల్లల మొదటి క్యాంపు దాకా: గైడ్ కెప్టెన్‌గా నా అనుభవం

2024 జూన్ రెండో వారంలో, బడి తెరిచిన కొత్తలోనే, మా హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించి, స్కౌట్స్ లాగే ఆడపిల్లలకు ఉండే గైడ్స్ దళం, అంటే గైడ్ కంపెనీ, ఒకటి మొదలుపెట్టదలిచామని, దాన్ని నడిపే కెప్టెన్‌గా నా పేరు పంపుతున్నామని చెప్పారు. నేను బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక పాఠశాలలో సైన్సు చెబుతాను. హిందూపురంలో నేను చదువుకున్న బడిలో గైడ్స్ లేరు. ఆగస్టు పదిహేనున కవాతు చేసే స్కౌట్ పిల్లలను దూరం నుంచి చూడడమే తప్ప ఆ లోకం నాకు తెలియదు. ఈ ఏడాదిన్నరలో ఏం జరిగిందో, దేనికి ఎంత కాలం పట్టిందో, ఎక్కడ మనసు తల్లడిల్లిందో వరుసగా రాస్తున్నాను. ఇలాంటి బాధ్యత కొత్తగా మీద పడిన టీచర్లకూ, అమ్మాయిని చేర్చాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులకూ ఇది పనికివస్తుందని నా ఆశ.

పేరు పంపిన తరువాత నాలుగు నెలలు ఎదురుచూపే అయింది. కెప్టెన్‌కు బేసిక్ కోర్సు పూర్తికావాలి, అది ఏడు రోజులు అక్కడే ఉండి చేయాల్సిన శిక్షణ, టీచర్లకు వీలుగా ఉండాలని దసరా సెలవుల్లో పెట్టారు. అంటే పండుగ అయిన మర్నాడే పెట్టె సర్దుకుని బయలుదేరాలి. నాలుగో తరగతి చదివే మా అబ్బాయిని ఎవరు చూసుకుంటారన్నది పెద్ద ప్రశ్న అయింది. చివరికి అత్తయ్య హిందూపురం నుంచి వచ్చి వారం రోజులు ఉన్నారు. కోర్సు రుసుము, గైడర్ (గైడ్స్‌ను నడిపే టీచర్) యూనిఫారం, బెల్టు, స్కార్ఫు, విజిల్, తాళ్ళు, టార్చిలైటు, రానుపోను ఖర్చులు కలిపి దాదాపు 4,500 రూపాయలయ్యాయి. అందులో సగం పాఠశాల భరిస్తుందన్నారు గాని ఆ డబ్బు చేతికి రావడానికి ఫిబ్రవరి దాటింది. రసీదులన్నీ దాచుకోవడం మంచిదని కొత్తవారికి చెబుతున్నాను.

దొడ్డబళ్ళాపురంలోని అనీబిసెంట్ పార్కు, మా కర్ణాటకలో స్కౌట్స్, గైడ్స్ శిక్షణ జరిగే ముఖ్యమైన చోటు. హిందూపురం బస్సులో ఆ ఊరి మీదుగా నేను పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అక్కడ అలాంటి తోట ఉందని మాత్రం మొదటిసారి తెలిసింది. దిగగానే మమ్మల్ని ఏడెనిమిది మంది చొప్పున పట్రోళ్ళుగా విడదీసి, ఒక్కో పట్రోల్‌కు ఒక్కో పువ్వు పేరు పెట్టారు. నాది సంపెంగ. ఆ వారమంతా మేము టీచర్లం కాము, గైడ్ పిల్లలం. మా పట్రోల్‌కు లీడర్‌గా ఎన్నికైనది కోలారు నుంచి వచ్చిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక హెడ్‌మిస్ట్రెస్ గారు ఆమె చెప్పినట్టు నీళ్ళ బిందెలు మోశారు, గిన్నెలు తోమారు. మొదటిరోజు సాయంత్రం అది చూడడానికి నాకే ఇబ్బందిగా అనిపించింది. మూడోనాటికి ఆ పెద్దావిడే, "లీడర్, ఇప్పుడు ఏం చేయమంటారు?" అని కన్నడంలో అడుగుతుంటే ఆ మాటలో నిజమైన గౌరవం వినిపించింది.

ఉదయం అయిదున్నరకు విజిల్. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ పేరు మీద ఉన్న ఆరు వ్యాయామాలు, స్నానం, గుడారం సర్దడం, తనిఖీ, ప్రార్థన, జెండా. జెండాను కింద నుంచి పైకి ఎగరేయడం కాదు. మడిచి ముడివేసి ముందే పైకి పంపి, సమయానికి తాడు లాగితే ముడి ఊడి జెండా విచ్చుకుంటుంది. ఆ ముడి గట్టిగా పడితే ఊడదు, వదులైతే ముందే విడిపోతుంది. పదిమంది చూస్తుండగా ఆ తాడు చేతిలో పట్టుకోవడం ఎంత గుబులో, లాగినవారికే తెలుస్తుంది.

ఆ వారం మధ్యలోనే వాన పట్టుకుంది. అక్టోబరు 15, 16 తేదీల్లో బెంగళూరు వీధులు నీళ్ళలో మునిగాయని ఇంటి నుంచి కబురు వస్తుంటే, ఇక్కడ మేము గుడారాల చుట్టూ కాలువ తవ్వుతూ, తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడానికి అవస్థ పడుతున్నాం. రెండు అగ్గిపుల్లలకు మించకుండా ఆరుబయట మంట వెలిగించడం గైడ్ శిక్షణ మెట్లలో ఒకటైన ద్వితీయ సోపాన్‌లో పిల్లలు చేయవలసిన పని, కాబట్టి మేమూ చేయాలి. తడి కట్టె పైబెరడు చెక్కి, లోపలి ఎండు భాగాన్ని సన్నని ఈనెల్లా చీల్చి, దాన్ని పైటకొంగు కింద దాచి తెచ్చి వెలిగించింది మా కోలారు లీడరే. శిక్షకురాలు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నారు. ఒక్క మాట సాయం చేయలేదు. రాత్రి క్యాంప్‌ఫైర్ అయ్యాక ఆవిడే మాతో అన్న మాట నా డైరీలో ఉంది: "పిల్లల దగ్గరికి వెళ్ళాక మీకు అన్నిటికన్నా కష్టమైన పని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడమే." ముడులు, కట్లు, దిక్సూచి, ప్రథమ చికిత్స పుస్తకం చూసైనా నేర్చుకోవచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఆ వారం అక్కడ ఉండి చూస్తే తప్ప అలవడేది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

నవంబరులో కంపెనీ మొదలైంది. నవంబరు 7 భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ స్థాపన దినం, 1950లో ఆ తేదీనే సంస్థ ఏర్పడింది; ఆ రోజు జెండా స్టిక్కర్లు అమ్మడంతో మా పిల్లల పని ఆరంభమైంది. పదేళ్ళు నిండిన ఆడపిల్లలే గైడ్స్‌లో చేరాలి, అంతకన్నా చిన్నవాళ్ళకు బుల్‌బుల్ అనే విభాగం వేరుగా ఉంటుంది. పేర్లు ఇచ్చినవారు ఎక్కువే అయినా నాలుగు పట్రోళ్ళతో ఆగాను. తల్లిదండ్రులలో చాలామంది మొదట అడిగింది యూనిఫారం ధర గురించి, ఆ తరువాత మార్కులేమైనా కలుస్తాయా అని. దుస్తులు, స్కార్ఫు, బెల్టు, బ్యాడ్జీలు కలిపి మా దగ్గర ఒక్కొక్కరికి 1,600 రూపాయల దాకా అయింది, ఏటా కట్టే సభ్యత్వ రుసుము దాని ముందు లెక్కలోకి రాదు. ముగ్గురు పిల్లలకు ఆ స్తోమత లేదని తెలిసి, టీచర్లం కొందరం కలిసి సర్దాం, పిల్లలకు తెలియనివ్వలేదు.

లీడర్లను పిల్లలే ఎన్నుకోవాలని చెప్పినప్పుడు తోటి టీచర్లు కొందరు సందేహించారు. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లలే లీడర్లవుతారని అందరి అంచనా. మల్లె పట్రోల్ వాళ్ళు ఎనిమిదో తరగతిలో పెద్దగా మాట్లాడని, లెక్కల్లో వెనకబడిన ఒక అమ్మాయిని ఎన్నుకున్నారు. ఎందుకని అడిగితే ఆరో తరగతి పాప, "అక్క మా టిఫిన్ డబ్బా మూత తీసిపెడుతుంది మిస్" అని జవాబిచ్చింది. నేనైతే ఆ అమ్మాయిని ఎంపిక చేసి ఉండేదాన్ని కాదు. ఈ ఏడాది పొడుగునా ఆ పట్రోల్ పనితీరు చూశాక, ఎవరు ఎవరిని చూసుకుంటారన్నది పెద్దల కంటికి ఆనదని, పిల్లలకు మాత్రం స్పష్టంగా తెలుస్తుందని అర్థమైంది.

నాలుగు పట్రోళ్ళ లీడర్లు కూర్చునే సభను కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. కంపెనీ కార్యక్రమాలు, పిల్లల సొమ్ము, క్రమశిక్షణ, ఎవరికి ఏ పరీక్ష పెట్టాలన్న సంగతి అక్కడే తేలుతుంది. కెప్టెన్ సలహా ఇవ్వవచ్చు గాని నిర్ణయం వాళ్ళది. జనవరిలో అక్కడ, కంపెనీ సమావేశాలకు వరుసగా ఆలస్యంగా వస్తున్న ఒక అమ్మాయి విషయం వచ్చింది. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను. ఒక లీడర్ ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి చూసి వచ్చి, శనివారాల్లో ఆమె తల్లి ఇళ్ళలో పనికి వెళ్ళే వేళకు తమ్ముణ్ణి చూసుకోవాల్సి వస్తోందని చెప్పింది. సమావేశాన్ని అరగంట ఆలస్యంగా మొదలుపెట్టాలని నలుగురూ తీర్మానించి రిజిస్టరులో రాశారు. ఏ శిక్ష వేస్తారో అని బిక్కుబిక్కుమంటూ వచ్చిన ఆ అమ్మాయి, విషయం విన్నాక ఏడ్చింది.

ముడులు నేర్పడానికి అనుకున్నదానికన్నా ఎక్కువ వారాలు పట్టాయి. రీఫ్ నాట్ అనే ముడిలో కుడికొన ఎడమ మీదుగా పోయి, తిరిగి ఎడమకొన కుడి మీదుగా రావాలి. సరిగ్గా పడితే ముడి బల్లపరుపుగా ఉండి, ఒక కొన పట్టి వెనక్కి వంచితే సులభంగా జారుతుంది, అందుకే కట్లు కట్టడానికి దాన్నే వాడతారు. రెండుసార్లూ కుడి మీదుగానే వేస్తే చూడడానికి అలాగే ఉంటుంది గాని లాగితే జారిపోతుంది, లేదా బిగుసుకుపోయి ఊడదు. ఎడమచేతి వాటం పిల్లకు ఎదురుగా నిలబడి చూపిస్తే తికమక పడుతోందని గమనించి, తరువాత నుంచి ప్రతి పిల్ల వెనక నిలబడి, నా చేతులు ఆమె భుజాల మీదుగా ముందుకు చాపి చూపించాను. అప్పటి నుంచి ముడి త్వరగా వచ్చింది. పురి విడిపోని కాటన్ తాళ్ళు దొరకడమే కష్టం. నైలాన్ తాడు చవకే గాని ముడి నిలవదు. చిక్కపేటలో కిలో లెక్కన కొని, కొనలు దారంతో చుట్టించాను.

రోజుకో మంచిపని అన్నది గైడ్ పిల్లల పాత ఆచారం. ఉదయం స్కార్ఫు కొనకు చిన్న ముడి వేసుకుని, ఎవరికైనా సాయం చేశాకే దాన్ని విప్పాలి. ఇది పిల్లలకు ఎంత పట్టుదలగా మారుతుందో నేను ఊహించలేదు. ఒక తల్లి ఫోను చేసి, "రాత్రి పదకొండయింది మేడమ్, ముడి విప్పలేదని పడుకోనంటోంది" అని చెప్పింది. చివరికి నానమ్మ కాళ్ళకు నూనె రాసి, ముడి విప్పి, అప్పుడు పడుకుందట.

ప్రవేశ్, అంటే ప్రమాణానికి ముందుండే తొలి మెట్టు, అంశాలు పూర్తిచేయడానికి మా పిల్లలకు మూడు నెలలకు పైగా పట్టింది. ప్రమాణ స్వీకారాన్ని 2025 ఫిబ్రవరి 22న పెట్టుకున్నాం. అది బేడెన్ పవెల్, ఆయన భార్య ఒలేవ్, ఇద్దరి పుట్టినరోజు. ప్రపంచమంతటా గైడ్స్ 1926 నుంచి ఆ రోజున ఒకరినొకరు తలుచుకుంటారు. 1932 నుంచి ఆ రోజు తలా ఒక నాణెం ఇచ్చే అలవాటూ ఉంది. మా పిల్లలూ మట్టి ముంతలో నాణేలు వేశారు. డబ్బు ఎక్కడికి పోతుందని ఒకరు అడిగితే, వేరే దేశాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు అని చెప్పి, పుణేలో ఉన్న సంగం అనే ప్రపంచ గైడ్ కేంద్రం గురించి, 1966 నుంచి ఎన్నో దేశాల అమ్మాయిలు అక్కడికి వచ్చి ఉంటారని వివరించాను. అప్పటి నుంచి పుణే ఎప్పుడు వెళ్తామన్నది ప్రతి సమావేశంలో వచ్చే ప్రశ్న.

ప్రమాణ స్వీకార పద్ధతి చాలా సాదాగా ఉంటుంది, అందుకే మనసుకు తగులుతుంది. కంపెనీ గుర్రపునాడా ఆకారంలో నిలబడుతుంది. పట్రోల్ లీడర్ కొత్త పిల్లను వెంటబెట్టుకుని కెప్టెన్ ముందుకు తెస్తుంది. గౌరవం అంటే ఏమిటో తెలుసా అని కెప్టెన్ అడుగుతుంది. నన్ను నమ్మవచ్చు, నేను నిజాయితీగా ఉంటాను అన్న అర్థంలో పిల్ల జవాబిస్తుంది. అప్పుడు కుడిచేయి ఎత్తి, ప్రమాణంలోని మూడు భాగాలకు గుర్తుగా మూడు వేళ్ళు నిలిపి, దేవుని పట్ల, దేశం పట్ల కర్తవ్యాన్ని నెరవేర్చడానికి, ఇతరులకు సాయపడడానికి, గైడ్ నియమాన్ని పాటించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని ప్రమాణం చేస్తుంది. దేవుడు అన్న చోట ధర్మం అని చెప్పుకునే వీలుంది. ఒక అమ్మాయి ఇంట్లో మాట్లాడుకుని వచ్చి అలాగే చెప్పింది. తరువాత నేను బ్యాడ్జి గుచ్చి, ఎడమచేత్తో కరచాలనం చేయాలి.

మా పిల్లల్లో ఎక్కువమంది కన్నడంలో ప్రమాణం చేశారు. మడకశిర దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబంలోని అమ్మాయి ఒకతె, వాళ్ళ అవ్వ వస్తోందని, తెలుగులో చెప్పవచ్చా అని వారం ముందే అడిగింది. జిల్లా గైడర్‌ను అడిగితే అభ్యంతరం లేదన్నారు. ఆ అమ్మాయి తెలుగులో చెబుతున్నప్పుడు వెనక వరుసలో అవ్వ లేచి నిలబడింది, కూర్చోమని ఎవరూ అనలేదు. కార్యక్రమం అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "పదకొండేళ్ళ బిడ్డ మాటను ఇంతమంది లేచి నిలబడి వినేది నేను యాడా చూల్లేదమ్మా" అంది. ఆ ఏడాది నేను విన్న మాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

ఆ తరువాతి మెట్టు ప్రథమ సోపాన్ వానాకాలంలో గడిచింది, దాని గురించి చెప్పదగిన ఇబ్బందులు లేవు. అసలు పరీక్ష డిసెంబరు 2025లో, క్రిస్మస్ సెలవుల క్యాంపు. మూడు రాత్రులు, మళ్ళీ దొడ్డబళ్ళాపురమే. అనుమతి పత్రాల కోసం సెప్టెంబరులో అర్జీ పెడితే చేతికి వచ్చేసరికి ఏడు వారాలైంది. తల్లిదండ్రుల సమావేశంలో తండ్రులు భద్రత గురించి అడిగారు, తల్లులు సమావేశం ముగిశాక విడిగా వచ్చి బాత్రూముల గురించి, నెలసరి గురించి అడిగారు. ఇది ముందే అందరి ముందూ మామూలు గొంతుతో చెప్పవలసిన విషయమని నా అభిప్రాయం. ప్యాడ్లు, పాత వార్తాపత్రికలు, మూత ఉన్న బకెట్టు ప్రతి గుడారంలో ఉంచాం. కొత్తచోట, చలిలో, తేదీ కన్నా ముందే వచ్చినవారు ఉన్నారు, తొలిసారి వచ్చిన పిల్ల కూడా ఉంది. ఆమెను చూసుకున్నది వాళ్ళ పట్రోల్ లీడరే.

పిల్లకు 1,100 రూపాయల చొప్పున వసూలు చేశాం. బస్సు, భోజనం సరిపోయాయి. లెక్కలో లేని ఖర్చు వెదుళ్ళదీ, కట్టెలదీ. బ్యాంబూ బజారులో వెదుళ్ళు కొనడం తేలికే, వాటిని తీసుకుపోవడానికి టెంపో మనిషి అడిగిన కిరాయి వెదుళ్ళ ఖరీదును మించింది. అక్కడికి దగ్గరలో కొనుక్కోవడమే మేలు.

గిన్నెలు పెట్టుకునే బల్లను వెదుళ్ళతో కట్టడం మొదటి రోజు పని. క్లోవ్ హిచ్ అనే ముడితో మొదలుపెట్టి, అడ్డం వెదురునూ నిలువు వెదురునూ కలిపి చుట్లు వేశాక, ఆ రెండిటి నడుమ నుంచి తాడును తిప్పి బిగించాలి, అదే అసలు పట్టు. కమలం పట్రోల్ వాళ్ళు ఆ బిగింపు చుట్లు వేయకుండానే ముగించారని నాకు కనిపిస్తూనే ఉంది. గిన్నెలు పెట్టగానే బల్ల ఒక పక్కకు ఒరిగి, సాంబారు గరిటెతో సహా అన్నీ జారాయి. లీడర్ కాసేపు చూసి, ఒక మూల విప్పి, పాదాన్ని వెదురుకు తన్నిపెట్టి తాడు లాగుతూ, "ఇక్కడ గొంతు నొక్కినట్టు బిగించాలే" అంటూ మిగిలిన మూడు మూలలూ ఆ పిల్లలతోనే కట్టించింది. క్యాంపు ముగిసేదాకా ఆ బల్ల కదల్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం మల్లె పట్రోల్ అన్నం మాడింది. ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్నదాన్ని, వాసన పొయ్యికి పదడుగుల దూరంలోనే పసిగట్టాను. ఒక్క మాట అంటే చాలు, దించేవాళ్ళు. నాతో వచ్చిన టీచరు లేవబోతుంటే చెయ్యి పట్టి ఆపాను. ఆకలితో ఉన్న పిల్లలను చూస్తూ అలా కూర్చోవడం నాలోని తల్లి మనసుకు నిజంగా బాధగా ఉండింది. ఆ టిఫిన్ డబ్బాల లీడర్ గిన్నె దించి, అడుగు కదపకుండా పై అన్నం వేరే గిన్నెలోకి తీసి, వాసన పోవడానికి వాళ్ళమ్మమ్మ చేసినట్టు ఉల్లిపాయ ముక్కలు గుచ్చి మూతపెట్టింది. తక్కువైన అన్నానికి మిగతా మూడు పట్రోళ్ళ నుంచి తలా ఒక గిన్నె అడిగి తెచ్చింది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. మూడు పొట్టి, ఒక పొడుగు విజిల్‌తో లీడర్లను పిలిచి, సాయంత్రం నిప్పుల వంటకు సిద్ధమేనా అని మాత్రం అడిగాను.

పాత్రలు లేకుండా వండే ఆ వంట పిల్లలకు పండుగే. పెద్ద ఉల్లిపాయను సగానికి కోసి, లోపలి పొరలు తీసి, ఆ దొప్పలో గుడ్డు కొట్టి నిప్పుల అంచున పెడతారు. శాకాహారులకు బంగాళాదుంపలు, చిలగడదుంపలు. రాత్రి క్యాంప్‌ఫైర్‌లో ఒక్కో పట్రోల్ తమ తమ ఊళ్ళ ఆటలు తెచ్చింది. మన పిల్లలు చెమ్మచెక్క, కోలాటం నేర్పితే కన్నడ, తమిళ పిల్లలు రెండో చుట్టుకే అందుకున్నారు. చివర మంట తగ్గాక మాటల్లేకుండా వరుసగా గుడారాలకు వెళ్ళాలన్నది నియమం, దాన్ని అమలు చేసింది లీడర్లే.

ద్వితీయ సోపాన్ పరీక్ష తేదీ కోసం జనవరిలో దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు. ఈలోగా నలుగురు లీడర్లలో ఇద్దరు పదో తరగతికి వెళ్తున్నారు కనుక, కొత్తవారి ఎన్నిక వార్షిక పరీక్షల ముందే జరగాలని, వెళ్ళేవారు నెలరోజులు పక్కనే ఉండి పని అప్పగించాలని కోర్ట్ ఆఫ్ ఆనర్ నిర్ణయించింది. మార్చి 7 శనివారం ఆ ఎన్నిక. సమావేశం సమయం మాత్రం అప్పుడు మార్చుకున్నదే, అరగంట ఆలస్యంగా.